గేమ్ చిరాకు పెడుతుంటే ఏం చెయ్యాలి: సెట్టింగ్స్ దగ్గర నుంచి రిఫండ్ దాకా

గేమ్‌లో ఒకే చోట ఇరుక్కుపోయినప్పుడు చాలామందికి వచ్చే మొదటి ఆలోచన "నాకే చేతకావడం లేదు" అని. చాలాసార్లు తప్పు మీది కాదు, ఆ భాగాన్ని అలా కట్టినవాళ్లది. కష్టంగా ఉండటం వేరు, చిరాకు పెట్టడం వేరు. ఈ రెండింటినీ విడదీసి చూడటం అలవాటైతే దేని మీద పట్టుబట్టి కూర్చోవాలో, దేన్ని సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆపెయ్యాలో, ఏ గేమ్‌ని డబ్బులు వెనక్కి తీసుకుని వదిలెయ్యాలో మీకే తెలిసిపోతుంది. రోజంతా పని చేసి వచ్చి రాత్రి ఒక గంట ఆడుకునేవాళ్లకి ఇది చిన్న విషయం కాదు, ఆ గంట లోడింగ్ స్క్రీన్లకీ పాత చెక్‌పాయింట్లకీ (ఓడిపోతే మళ్ళీ మొదలయ్యే చోట్లకీ) పోతే నాకైతే నిజంగా బాధగా ఉంటుంది.

ఓడిపోయిన వెంటనే రెండు ప్రశ్నలు వేసుకోండి. ఈసారి ఓడిపోవడం వల్ల నాకు కొత్తగా ఏమైనా తెలిసిందా? మళ్ళీ ఆ చోటికి చేరుకోవడానికి ఎంతసేపు పడుతుంది? తెలిసింది, వెంటనే మళ్ళీ మొదలుపెట్టొచ్చు అంటే అది మంచి కష్టం, ఇంకాసేపు ప్రయత్నించండి. ఏమీ తెలియలేదు, పైగా పది నిమిషాలు బండి నడుపుకుంటూ వెళ్లి అదే డైలాగులు మళ్ళీ వినాలి అంటే అది డిజైన్ లోపం. అక్కడ పట్టుదల చూపించి మీరు గెలిచేది ఏమీ లేదు.

మన ఊళ్లలో ఇంటర్నెట్ సెంటర్లో పెరిగినవాళ్లకి దీనికి మంచి ఉదాహరణ తెలుసు. 2002లో వచ్చిన జీటీఏ వైస్ సిటీలో డెమోలిషన్ మ్యాన్ అని ఒక మిషన్ ఉంది, చిన్న రిమోట్ హెలికాప్టర్‌తో బాంబులు మోసుకెళ్లి కడుతున్న బిల్డింగ్‌లో అంతస్తుకొకటి పెట్టాలి. అప్పట్లో చాలామంది ఆ మిషన్ దగ్గరే ఆగిపోయి, కథ వదిలేసి చీట్ కోడ్లు కొట్టుకుంటూ ఊరు తిరిగారు. అందులో కష్టం బాంబులు పెట్టడంలో లేదు. కీబోర్డు మీద హెలికాప్టర్ ఎగరేసే మీటలు సగం ఎడమ చేతి కింద, సగం కుడివైపు నంబర్ ప్యాడ్ మీద ఉండటం, ఓడిపోతే మధ్యలో చెక్‌పాయింట్ లేకపోవడం, అదీ అసలు కష్టం. నంబర్ ప్యాడ్ లేని లాప్‌టాప్‌లో అయితే హెలికాప్టర్‌ని ముందుకు వంచడమే కుదరదు. ఇప్పుడు ఎవరైనా పాత వెర్షన్ ఆడుతుంటే ముందు కంట్రోల్స్ మెనూలోకి వెళ్లి ఆ నంబర్ ప్యాడ్ మీటల్ని మీ చేతికి అందే మీటలకి మార్చుకోండి. తర్వాత ఇంకో సంగతి, టైమర్ మొదలయ్యేది మొదటి బాంబు ఎత్తుకున్నాకే. కాబట్టి బాంబు ముట్టుకోకుండా ముందు హెలికాప్టర్‌తో అంతస్తులన్నీ తిరిగి అడ్డం వచ్చే పనివాళ్లనీ గార్డుల్నీ తప్పించేసి, మెట్లు ఎక్కడున్నాయో చూసుకుని, అప్పుడు మొదలుపెట్టండి. మిషన్ సగం తేలికైపోతుంది. ఈ సంగతి గేమ్ ఎక్కడా సరిగ్గా చెప్పకపోవడమే దాని తప్పు.

2004లో వచ్చిన జీటీఏ శాన్ ఆండ్రియాస్‌లో రైలు మిషన్ కూడా ఇంతే. మనం ఆడే సీజే బైకు నడుపుతుంటాడు, వెనక కూర్చున్న బిగ్ స్మోక్ రైలు మీద ఉన్నవాళ్లని కాల్చాలి, కాల్చలేకపోతే తిట్లు మనకి. రైలు వెంట వెళ్లమంటాడు కదా అని అందరూ రైలుకి ఆనుకుని వెళ్తారు, అక్కడే దెబ్బ తింటారు, ఎందుకంటే అంత దగ్గర నుంచి బోగీ పైకి గురి కుదరదు. రైలుకి కుడివైపు, కాస్త ఎడంగా, పక్కపక్కనే వచ్చేలా నడపండి, స్మోక్ తన పని తాను చేసుకుంటాడు.

డిజైనర్లు కూడా ఇలాంటివి తమ తప్పేనని ఒప్పుకుని దిద్దుకున్న సందర్భాలున్నాయి. 1998 నాటి జెల్డా ఆకరినా ఆఫ్ టైమ్‌లో వాటర్ టెంపుల్ అంటే ఆడినవాళ్లకి ఇప్పటికీ చిరాకే, నీళ్లలో మునగాలన్నా తేలాలన్నా ప్రతిసారీ గేమ్ ఆపి, మెనూలోకి వెళ్లి, ఇనుప బూట్లు తొడుక్కోవాలి, విప్పుకోవాలి. 2011లో అదే గేమ్‌ని నింటెండో 3డీఎస్‌లో మళ్ళీ విడుదల చేసినప్పుడు ఆ బూట్లని ఒక్క మీటకి పెట్టుకునేలా మార్చారు, నీటి మట్టం మార్చే చోటికి దారి తెలిసేలా గోడల మీద రంగు గీతలు వేశారు. గుడి అదే, చిక్కుముడులూ అవే. చిరాకు మాత్రం తగ్గింది. "ఆ చిరాకే గేమ్ అందం" అని ఎవరైనా వాదిస్తే నేను చూపించేది ఇదే.

మొదటి పది నిమిషాలు మెనూలో గడపండి

కొత్త గేమ్ పెట్టగానే "న్యూ గేమ్" నొక్కకండి. ముందు ఆప్షన్స్ తెరవండి. కదిలినప్పుడు బొమ్మని మసకబార్చే మోషన్ బ్లర్ ఆపెయ్యండి, తెర మీద ఇసుక చల్లినట్టు చూపించే ఫిల్మ్ గ్రెయిన్ ఆపెయ్యండి, క్రొమాటిక్ అబరేషన్ అని ఉంటుంది, అంచుల్లో రంగులు చెదిరినట్టు చూపిస్తుంది, అదీ ఆపెయ్యండి. ఇవన్నీ కెమెరా, ఫిల్మ్ లోపాలని అనుకరించేవి. సినిమాలా కనబడాలని పెడతారు గానీ ఆడేటప్పుడు శత్రువు ఎక్కడున్నాడో కనబడటమే కదా ముఖ్యం. కెమెరా షేక్ ఉంటే సున్నాకి తగ్గించండి. పాత్ర కళ్లలోంచి చూస్తూ ఆడే ఫస్ట్ పర్సన్ గేమ్స్ ఆడితే తల తిరుగుతుంది, వాంతి వచ్చినట్టు ఉంటుంది అనేవాళ్లు నాకు చాలామంది తెలుసు, అందరూ "నా ఒంటికి ఈ గేమ్స్ పడవు" అనుకుని వదిలేశారు. నడిచేటప్పుడు తెర ఊగే హెడ్ బాబ్ ఆపి, ఒకేసారి ఎంత వెడల్పు కనబడాలో చెప్పే ఫీల్డ్ ఆఫ్ వ్యూని 90 నుంచి 100 మధ్యకి పెంచి, తెర మధ్యలో చుక్క కనబడేలా పెట్టుకుంటే వాళ్లలో చాలామంది హాయిగా ఆడగలరు. మానిటర్‌కి దగ్గరగా కూర్చున్నవాళ్లకే అంత పెద్ద సంఖ్య కావాలి, సోఫాలో దూరంగా కూర్చుని టీవీలో ఆడేవాళ్లకి 70, 80 సరిపోతుంది.

టీవీలో ఆడుతుంటే గేమ్ మెనూ కంటే ముందు టీవీ మెనూ చూడాలి. రిమోట్ తీసుకుని పిక్చర్ మోడ్‌లో గేమ్ మోడ్ పెట్టండి. మామూలు మోడ్‌లో టీవీ ప్రతి ఫ్రేమ్‌నీ అందంగా చెయ్యాలని కాస్త సమయం తీసుకుంటుంది, మీరు మీట నొక్కడానికీ తెర మీద కదలిక రావడానికీ మధ్య ఆలస్యం అక్కడే పుడుతుంది. క్రికెట్ గేమ్‌లో టైమింగ్ కుదరడం లేదు, ఫైటింగ్ గేమ్‌లో బ్లాక్ చెయ్యలేకపోతున్నాను అని వాపోయేవాళ్లు చాలాసార్లు ఓడిపోతున్నది ఈ ఆలస్యం చేతిలోనే. అదే మెనూలో కదలికని నున్నగా చూపించే మోషన్ స్మూతింగ్ కూడా ఉంటుంది, కంపెనీని బట్టి పేరు మారుతుంది, సినిమాలు చూసేటప్పుడు కూడా దాన్ని ఆపెయ్యండి, లేకపోతే ఎంత పెద్ద సినిమా అయినా టీవీ సీరియల్‌లా కనబడుతుంది.

మాట ఎలాగూ వచ్చింది కాబట్టి, ఓటీటీల్లోనూ ఇదే రోగం ఉంది. ఏం చూద్దామా అని వెతుకుతుంటే ట్రైలర్ దానంతటదే మొదలై అరవడం నాకు అస్సలు నచ్చదు. నెట్‌ఫ్లిక్స్‌లో దీన్ని ఆపుకునే వీలు 2020లో ఇచ్చారు. ప్రొఫైల్ సెట్టింగ్స్‌లో ఆటోప్లే ప్రివ్యూలు అని ఉంటుంది, ఒక్కో ప్రొఫైల్‌కి విడిగా ఆపాలి.

సబ్‌టైటిల్స్ సంగతికొస్తే, పెద్ద గేమ్స్‌లో తెలుగు దాదాపు ఉండదు కాబట్టి మనలో ఎక్కువమంది ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ మీదే ఆధారపడతాం, అవేమో చీమ తలకాయంత ఉంటాయి. 2006లో ఎక్స్‌బాక్స్ 360లో డెడ్ రైజింగ్ వచ్చినప్పుడు పాత డబ్బా టీవీల్లో దాని అక్షరాలు చదవడమే కుదరలేదని ప్రపంచమంతా గోల పెట్టారు, అయినా ఇప్పటికీ అదే తప్పు చేసేవాళ్లు ఉన్నారు. సైజు "లార్జ్" పెట్టండి, వెనక నల్ల పట్టీ ఆన్ చెయ్యండి, ఎవరు మాట్లాడుతున్నారో పేరు వచ్చేలా పెట్టండి. ఆడియోలో మ్యూజిక్‌ని 60కి తగ్గించి డైలాగ్‌ని 100లో ఉంచితే ఇంగ్లీషు యాస అర్థం కాని ఇబ్బంది కూడా కొంత తగ్గుతుంది.

ఇక మీటలు. తలుపు తెరవడానికి మీట పట్టుకునే ఉండాలి, బండరాయి ఎత్తడానికి అదే మీట దడదడా కొట్టాలి, ఇవి కష్టం కాదు, చెయ్యి నొప్పి. రోజంతా కీబోర్డు మీద పని చేసేవాళ్లకి మణికట్టు ముందే అలిసిపోయి ఉంటుంది. 2018 నాటి మార్వెల్స్ స్పైడర్‌మ్యాన్‌లో మీట కొట్టే బదులు పట్టుకుంటే చాలనే ఆప్షన్ ఉంది, టపీమని మీట నొక్కమనే సీన్లు వాటంతటవే పూర్తయ్యే ఆప్షన్ ఉంది, ల్యాబ్‌లో పజిల్స్ దాటేసే ఆప్షన్ కూడా ఉంది. ద లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2లో ఇలాంటివి 60కి పైగా పెట్టారు. ఇవి యాక్సెసిబిలిటీ అనే పేజీలో ఉంటాయి, ఆ పేరు చూసి మనకి సంబంధం లేదనుకుని చాలామంది ఆ పేజీ తెరవరు. తెరవండి. అందరికీ పనికొచ్చేవి అక్కడే ఉంటాయి. గేమ్‌లో ఆప్షన్ లేకపోయినా ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్ సిస్టమ్ సెట్టింగ్స్‌లోనే మీటలు మార్చుకోవచ్చు, పీసీలో స్టీమ్ (గేమ్స్ అమ్మే ఆన్‌లైన్ స్టోర్) వాళ్ల స్టీమ్ ఇన్‌పుట్ ద్వారా అయితే పట్టుకునే మీటని ఒకసారి నొక్కితే చాలు అన్నట్టుగా, కొట్టే మీటని పట్టుకుంటే చాలు అన్నట్టుగా కూడా మార్చుకోవచ్చు.

కదలికలు బరువుగా, ఆలస్యంగా అనిపిస్తే దానికీ ఒక్కోసారి మందు ఉంటుంది. విచర్ 3 వచ్చిన కొత్తలో, 2015లో, మనం ఆడే హీరో గెరాల్ట్ తిరగమంటే తిరిగేవాడు కాదు, ఆగమంటే రెండడుగులు వేసి ఆగేవాడు. జనం గొడవ పెడితే 1.07 ప్యాచ్ (అప్‌డేట్)లో మూవ్‌మెంట్ రెస్పాన్స్ అని ఆప్షన్ పెట్టారు, దాన్ని ఆల్టర్నేటివ్‌కి మారిస్తే వేరే గేమ్ ఆడుతున్నట్టే ఉంటుంది. ఈ రోజు మొదలుపెట్టేవాళ్లు కూడా ముందు అది మార్చుకోండి.

ఈజీ మోడ్ గురించి ఒక మాట

పెట్టుకోండి. ఎవరేమన్నా పెట్టుకోండి. హేడిస్‌లో గాడ్ మోడ్ అని ఉంది, అది ఆన్ చేస్తే మీకు తగిలే దెబ్బ 20 శాతం తగ్గుతుంది, చనిపోయినప్పుడల్లా ఇంకో 2 శాతం, అలా 80 దాకా. గేమ్ మారదు, కథ మారదు, మీ స్థాయికి అదే దిగివస్తుంది. ఇంత చక్కని ఆలోచన నేను ఇంకే గేమ్‌లోనూ చూడలేదు. సెలెస్ట్‌లో అసిస్ట్ మోడ్ పెట్టి గేమ్ వేగాన్ని సగానికి తగ్గించుకోవచ్చు. జీటీఏ 5లో ఒకే చోట మూడుసార్లు ఓడిపోతే ఆ ముక్క దాటేసి వెళ్లమంటుంది, వెళ్లండి, వైస్ సిటీ రోజుల్లో మనకి లేని అదృష్టం అది. ఎల్ఏ నోయిర్‌లో కూడా కాల్పుల సీన్లు ఇలాగే దాటొచ్చు, అది నేరస్థుల ముఖాలు చదివే గేమ్ కాబట్టి కాల్పులు దాటేస్తే పోయేదేమీ లేదు. "నూబ్" అనేవాళ్లు మీ బదులు వచ్చి మీ పని చెయ్యరు కదా.

ఈజీ మోడ్ పెట్టడానికి ఒప్పుకోని గేమ్స్ కొన్ని ఉన్నాయి. ఫ్రమ్ సాఫ్ట్‌వేర్ వాళ్ల గేమ్స్ అలాంటివి. ఇక్కడ నా అభిప్రాయం సూటిగా చెప్తాను, వాళ్ల బాస్‌లు (దారి చివర ఎదురయ్యే పెద్ద శత్రువులు) కష్టంగా ఉండటం నాకు ఇష్టం, ప్రతి చావులో ఏదో ఒకటి తెలుస్తుంది. ఇబ్బందల్లా బాస్ దగ్గరికి మళ్ళీ పరుగెత్తుకుంటూ వెళ్లడంలోనే. పాత డార్క్ సోల్స్‌లో అదే పెద్ద శిక్ష, ఆ దారి ఒకసారి నేర్చుకున్నాక మళ్ళీ మళ్ళీ పరుగెత్తడంలో నేర్చుకునేది ఏముంది? 2022లో ఎల్డెన్ రింగ్‌లో చాలా బాస్‌ల దగ్గర, చనిపోతే అక్కడి నుంచే మళ్ళీ లేచేలా స్టేక్ ఆఫ్ మారికా విగ్రహాలు పెట్టి ఆ పరుగు తగ్గించారు, దాని వల్ల గేమ్ సుఖమైంది గానీ సులువేం కాలేదు. అందులో ఇరుక్కుంటే అక్కడి నుంచి వెళ్లిపోండి, వేరే దిక్కుకి వెళ్లి బలం పెంచుకుని రండి, మీ పక్షాన పోరాడే ఆత్మల్ని, అంటే స్పిరిట్ యాషెస్‌ని, పిలవండి. అది మోసం కాదు, గేమ్ ఇచ్చిన ఆయుధమే. ఇక ఒంటరిగా ఆడుతున్నప్పుడు కూడా పాజ్ లేకపోవడాన్ని మాత్రం నేను ఎప్పటికీ సమర్థించను. కాలింగ్ బెల్ మోగుతుంది, పొయ్యి మీద పాలు పొంగుతాయి, పిల్లాడు ఏడుస్తాడు, ఇవి ప్లేయర్ చేతకానితనాలు కావు. దానికో దొడ్డిదారి ఉంది, ఇన్వెంటరీ తెరిచి, హెల్ప్ మీట నొక్కి, మెనూ ఎక్స్‌ప్లనేషన్ ఎంచుకోండి, గేమ్ నిజంగానే ఆగుతుంది. అదే కంపెనీ సెకీరోలో మామూలుగా పాజ్ ఇచ్చింది, దాని కష్టం ఏమైనా తగ్గిందా?

సేవ్, కరెంటు

సేవ్ చెయ్యనివ్వని గేమ్స్ మన ఎండాకాలం కరెంటు కోతలకి అస్సలు పనికిరావు. 2014 నాటి ఏలియన్ ఐసొలేషన్‌లో గోడకున్న యంత్రం దగ్గరే సేవ్, ఆ కాసేపట్లో కూడా ఏలియన్ రావచ్చు. అది భయం పుట్టించడానికి కావాలనే చేసింది కాబట్టి నేను ఒప్పుకుంటాను. 2018లో కింగ్‌డమ్ కమ్ డెలివరెన్స్‌లో కావలసిన చోట సేవ్ చెయ్యాలంటే ఒక సారా సీసా తాగాలి, మొదట్లో ఆ సీసాలు దొరకడమే కష్టం. విమర్శలు వచ్చాక గేమ్ మూసేటప్పుడు సేవ్ అయ్యేలా మార్చారు, పీసీలో అయితే ఎప్పుడంటే అప్పుడు సేవ్ చేసుకునే మాడ్ (ఆడేవాళ్లే తయారుచేసిన మార్పు) కూడా ఉంది. ఇలాంటి గేమ్ ఆడేముందు మూడు పనులు చెయ్యండి. ఆటోసేవ్ ఎప్పుడెప్పుడు పడుతుందో గమనించండి, మూలన చిన్న గుర్తు తిరుగుతుంది, అది తిరిగాకే లేవండి. సేవ్‌ని ఇంటర్నెట్‌లో కూడా దాచే క్లౌడ్ సేవ్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. డెస్క్‌టాప్, కన్సోల్ రెండింటికీ చిన్న యూపీఎస్ పెట్టండి, ఒక కొత్త గేమ్ రేటులో వచ్చేస్తుంది. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే, కరెంటు పోయి ఇన్వర్టర్‌కి మారే ఆ క్షణంలో పీసీ రీస్టార్ట్ అవుతుందో లేదో ఒకసారి కావాలని మెయిన్ ఆపి పరీక్షించుకోండి, అప్పుడు తెలుస్తుంది యూపీఎస్ అవసరమా కాదా అని. ఈ పరీక్ష గేమ్ ఆన్‌లో ఉండగా చెయ్యకండి.

నడిపించి చంపే కథలు

బాగా చిరాకు పెట్టేది ఇదే అంటాను. పక్కవాడు మాట్లాడుతూ నడుస్తుంటాడు, మనం నడిస్తే వాడికంటే నెమ్మది, పరుగెత్తితే వాడికంటే వేగం. కంట్రోలర్ అయితే స్టిక్‌ని సగం మాత్రమే వంచండి, కీబోర్డులో చాలా గేమ్స్‌కి నడక, పరుగు మార్చే మీట ఒకటి ఉంటుంది, కంట్రోల్స్ జాబితాలో వెతకండి. రెడ్ డెడ్ రిడెంప్షన్ 2లో గుర్రం మీద తోటివాళ్లతో వెళ్తుంటే పరుగు మీట పట్టుకునే ఉండండి, గుర్రం వాళ్ల వేగానికి తనే సర్దుకుంటుంది. ఒంటరిగా దూరం వెళ్లాలంటే మ్యాప్‌లో గుర్తు పెట్టి, గుర్రాన్ని పరుగెత్తించి, కెమెరా మీట నొక్కి పట్టుకుని సినిమాటిక్ కెమెరాలోకి వెళ్తే గుర్రం దారి వెంట తనే తీసుకెళ్తుంది, మీరు ఈలోగా టీ తాగొచ్చు. ఆ గేమ్ ప్రపంచం నేను చూసినవాటిల్లో అత్యంత అందమైనది, మిషన్లు మాత్రం గీత దాటితే ఓడించేస్తాయి, ఊరంతా మనదే అని చెప్పి కథలో మాత్రం చెయ్యి పట్టుకుని నడిపించడం నాకు మింగుడు పడలేదు.

అసాసిన్స్ క్రీడ్ బ్లాక్ ఫ్లాగ్‌లో దొంగచాటుగా వెంబడించి మాటలు వినే మిషన్లు లెక్కలేనన్ని. వాటిలో నేల మీద వెనకే నడవకండి, పైకప్పులు, చెట్లు ఎక్కి పక్కగా వెళ్లండి, పొదలున్న చోట ఆగండి. వాడు వెనక్కి తిరిగి చూసేది నేల మీదే ఎక్కువ. కట్‌సీన్ (మధ్యలో సినిమాలా వచ్చే సీన్) దాటాలంటే ఏ మీటో తెలియకపోతే ఒకసారి పాజ్ నొక్కి చూడండి, చాలా గేమ్స్‌లో "స్కిప్" అక్కడ దాక్కుని ఉంటుంది. గేమ్ తెరిచిన ప్రతిసారీ వచ్చే కంపెనీ లోగోలు పీసీలో తీసెయ్యడానికి పీసీ గేమింగ్ వికీ సైట్‌లో దాదాపు ప్రతి గేమ్‌కీ పద్ధతి రాసి ఉంటుంది. సింగిల్ ప్లేయర్ గేమ్స్‌కే ఇలాంటి మార్పులు చెయ్యండి, సేవ్ ఫైల్ ముందు కాపీ తీసిపెట్టుకోండి, మోసాన్ని పట్టుకునే యాంటీ చీట్ ఉన్న ఆన్‌లైన్ గేమ్‌లో ఫైళ్లు ముట్టుకుంటే అకౌంటే పోతుంది. ఒక్కోసారి ఓపిక పడితే వాళ్లే దిద్దుతారు, 2007 నాటి మాస్ ఎఫెక్ట్‌లో లిఫ్టులో నిలబడి గోడలు చూసేవాళ్లం, 2021 లెజెండరీ ఎడిషన్‌లో ఆ ప్రయాణం స్కిప్ చేసే మీట పెట్టారు.

ఆయుధాలు విరిగిపోయే గేమ్స్ గురించి కూడా అడుగుతుంటారు. జెల్డా బ్రెత్ ఆఫ్ ద వైల్డ్‌లో కత్తులు విరగడం నాకు నచ్చుతుంది, దాచుకోవడం మానెయ్యండి, మంచి కత్తితోనే కొట్టండి, అది పోయేలోపు ఇంకోటి దొరుకుతుంది. కోరోక్ విత్తనాలు పోగేసి హెస్టు అనే పాత్రకి ఇచ్చి ఆయుధాల చోటు పెంచుకోండి. వానలో కొండ ఎక్కలేకపోవడమే దాని అసలు తప్పు, దాని తర్వాతి భాగం టియర్స్ ఆఫ్ ద కింగ్‌డమ్‌లో స్టిక్కీ ఎలిక్సిర్ కాచుకుంటే జారడం తగ్గుతుంది, నాలుగైదు సీసాలు ఎప్పుడూ దగ్గర పెట్టుకోండి.

ఫోన్ గేమ్స్ వేరే లోకం

ఇక్కడ మొదటి రెండు ప్రశ్నలు పనిచెయ్యవు, ఎందుకంటే ఇక్కడ చిరాకు పొరపాటున రాలేదు, అమ్మడానికి పెట్టారు. క్యాండీ క్రష్‌లో ఐదు లైఫ్‌లు అయిపోతే ఒక్కోటి తిరిగి రావడానికి 30 నిమిషాలు, ఆ ఎదురుచూపుని కొనుక్కోమనే కదా. క్లాష్ ఆఫ్ క్లాన్స్‌లో ఫిరంగులూ టవర్లూ పెంచుకోవడానికి పట్టే రోజులూ అంతే. వీటితో ఎలా ఉండాలంటే, లైఫ్‌లు అయిపోగానే ఫోన్ పక్కన పెట్టెయ్యండి, నోటిఫికేషన్లు మొత్తం ఆపెయ్యండి, "మీ లైఫ్‌లు నిండాయి రండి" అని పిలిచే హక్కు ఏ గేమ్‌కీ ఇవ్వకండి.

డౌన్‌లోడ్ చేసేముందు ప్లే స్టోర్‌లో గేమ్ పేరు కింద చిన్న అక్షరాలు చదవండి, ప్రకటనలు ఉన్నాయా, యాప్‌లో కొనుగోళ్లు ఉన్నాయా అని అక్కడే రాసి ఉంటుంది. ఇంటర్నెట్ అక్కర్లేని గేమ్ అయితే డేటా, వైఫై ఆపేసి ఆడండి, ప్రకటనలు చాలావరకు రావు. ప్రకటన మధ్యలో వచ్చే మొదటి ఇంటూ గుర్తు చాలాసార్లు మూసేది కాదు, స్టోర్‌కి తీసుకెళ్లేది, రెండు సెకన్లు ఆగి నొక్కండి. నచ్చిన గేమ్‌లో ప్రకటనలు తీసెయ్యడానికి ఒక్కసారి కట్టే ధర ఉంటే మాత్రం కట్టండి, నేను దాన్ని న్యాయమైన బేరం అంటాను. రోజూ వచ్చే "ఆఫర్"లతో దాన్ని కలపకండి.

క్రేట్లు (ఏం వస్తుందో తెరిచేదాకా తెలియని పెట్టెలు), స్పిన్‌లు ఉన్న గేమ్స్‌లో డబ్బు నేరుగా తీసుకోరు, ముందు వాళ్ల నాణేలు కొనిపిస్తారు, బీజీఎంఐలో యూసీ అలాంటిదే. మనకి కావలసిన వస్తువు ధరా, అమ్మే నాణేల ప్యాకెట్టూ సరిగ్గా కలవవు, ఇరవై రూపాయల టికెట్ కోసం యాభై రూపాయల కూపన్ కొనిపించినట్టు. మిగిలిన నాణేలు మళ్ళీ కొనమని గోకుతూనే ఉంటాయి. కొనేముందు కాగితం మీద రూపాయల్లో రాసుకోండి, ఈ చొక్కా బొమ్మకి ఎన్ని రూపాయలు అని. క్రేట్ అయితే ఏది ఎంత శాతం వచ్చే అవకాశం ఉందో అక్కడే చూపించాలి, ప్లే స్టోర్, ఆపిల్ రెండింటి నియమమూ అదే. ఆ పేజీ వెతికి చదవండి, చదివాక కూడా కొనాలనిపిస్తే మీ ఇష్టం. బెల్జియంలో 2018లోనే డబ్బు పెట్టి తెరిచే ఇలాంటి పెట్టెల్ని జూదం కింద లెక్కగట్టారు, నాకు ఆ మాట నూటికి నూరుపాళ్లూ సబబనిపిస్తుంది.

ఇంట్లో పిల్లలు మీ ఫోన్‌లో ఆడుతుంటే ఈ రోజే ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో ప్రతి కొనుగోలుకీ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టండి. పేమెంట్స్ అండ్ సబ్‌స్క్రిప్షన్స్‌లో ఏమేం నడుస్తున్నాయో చూసి అక్కర్లేనివి తీసెయ్యండి, యూపీఐ యాప్‌లో ఆటోపే జాబితా కూడా చూడండి. పొరపాటున ఏదైనా కొనేస్తే 48 గంటల్లోపు గూగుల్ ప్లే సైట్ నుంచే రిఫండ్ అడగొచ్చు, ఆలస్యమైతే గేమ్ తయారుచేసినవాళ్లని బతిమాలుకోవాలి. పిల్లల్ని తిట్టకండి, పెద్దవాళ్లనే పడగొట్టేలా కట్టిన మీట అది.

వదిలెయ్యడం, వెనక్కి ఇవ్వడం

స్టీమ్‌లో కొన్న 14 రోజుల్లోపు, 2 గంటల కంటే తక్కువ ఆడి ఉంటే కారణం ఏదైనా డబ్బులు వెనక్కి ఇస్తారు, ఎపిక్‌లోనూ అంతే. మెనూలో సెట్టింగ్స్ మార్చుకుంటూ గడిపిన సమయం కూడా ఆ రెండు గంటల్లో పడుతుంది, అందుకని గేమ్ తెరిచి వదిలేసి భోజనానికి వెళ్లకండి. మొదటి గంటలోనే అనుమానంగా ఉన్నవి పరీక్షించండి, అక్షరాలు చదవగలుగుతున్నారా, సేవ్ ఎలా ఉంది, మీటలు మారుతున్నాయా, మీ పీసీలో ఆగి ఆగి నడుస్తోందా. ప్లేస్టేషన్ స్టోర్‌లో డౌన్‌లోడ్ మొదలుపెడితే చాలు, మామూలుగా రిఫండ్ హక్కు పోతుంది. కాబట్టి అక్కడ కొనేముందు డెమో ఉందేమో చూడండి, లేకపోతే ఎవరైనా మాట్లాడకుండా ఆడిన వీడియో ఒక అరగంట చూడండి. డిస్క్ దొరికితే డిస్కే కొనండి, నచ్చకపోతే అమ్ముకోవచ్చు. ఒంటరిగా ఆడే గేమ్‌కి కూడా ఎప్పుడూ ఇంటర్నెట్ కావాలంటే రెండుసార్లు ఆలోచించండి, ద క్రూ గేమ్ సర్వర్లు 2024 మార్చి 31న ఆపేశాక డబ్బు పెట్టి కొన్నవాళ్లు కూడా ఆడలేకపోయారు.

సగంలో వదిలెయ్యడం తప్పు అనుకోకండి. గేమ్ పూర్తి చేస్తేనే అభిప్రాయం చెప్పాలనే రూలేమీ లేదు, ముప్పై గంటల తర్వాత బాగుంటుంది అంటే మొదటి ముప్పై గంటలు బాగోలేదనే అర్థం.

వదిలేసేముందు ఒక్క పని చెయ్యండి, రివ్యూ రాయండి. "చెత్త గేమ్" అని రాస్తే దాన్ని ఎవరూ చదవరు. ఏ పీసీ లేదా ఏ కన్సోల్, గేమ్ వెర్షన్ ఎంత, ఏ మిషన్, మీరు ఏ మీట నొక్కారు, ఏం జరగాలనుకున్నారు, ఏం జరిగింది, ఇవి వరసగా నాలుగు వాక్యాల్లో రాయండి. చివర మీకు కావలసిన ఆప్షన్ పేరు పెట్టి అడగండి, "మీట పట్టుకునే బదులు ఒకసారి నొక్కేలా ఆప్షన్ ఇవ్వండి", "మూసేటప్పుడు సేవ్ ఇవ్వండి" అని. విచర్ 3 నడక మారిందీ, కింగ్‌డమ్ కమ్‌లో సేవ్ వచ్చిందీ ఆడినవాళ్లు అడిగాకే. ఇంగ్లీషు తడబడినా పర్లేదు, మిషన్ పేరు సరిగ్గా ఉంటే వాళ్లకి చాలు, ఆ చోటికి వెళ్లి చూసుకుంటారు.